ఐసు లారీకి తెలిసిన చెరువు

పొద్దున్నే గోదావరి గట్టు మీద నడవమని డాక్టరు చెప్పాడు. గట్టు మీద కూర్చునే మనుషుల గురించి మాత్రం చెప్పలేదు. రాజమండ్రిలో మా ఇంటికి దగ్గరగా ఉన్న రేవులో ఒక సిమెంటు బెంచీ ఉంది. ఈ మధ్య ఒక పెద్దమనిషి రోజూ వచ్చి దాని మీద కూర్చుంటున్నాడు. కొవ్వూరు నుంచి మకాం మార్చాడట. ఎవరు కనిపించినా ఆయన అడిగేది ఒక్కటే.

"మీరు ఎవరి తాలూకండీ?"

నాకు మోకాళ్ళ నొప్పి కాబట్టి పారిపోలేను. ఊరి పేరు చెప్తే ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేరు చెప్తే తణుకులో ఫలానా ఆయన మీకేమవుతారంటాడు. ఏమీ కారంటే ఒప్పుకోడు. "అలా తీసిపారెయ్యకండి, చూద్దాం" అంటాడు. మొన్న పావుగంట సేపు తవ్వి, నన్ను తన తోడల్లుడి మేనత్తగారి అత్తవారి ఊరికి లంకె వేసి, "చూశారా, మనం మనం ఒకటే" అని తృప్తిగా లేచి వెళ్ళిపోయాడు. నా నడక పోయింది. ఆయన పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

సరిగ్గా ఈ పనే నేను చాలా ఏళ్ళు జీతం తీసుకుని చేశాను. ఆయనకి బెంచీ ఒకటి సరిపోయింది. నాకు ఒక సర్వరు, మూడు కంప్యూటర్లు, హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు కావలసి వచ్చాయి. ఫలితం విషయంలో కూడా ఆయనదే కాస్త మెరుగు.

నాలుగు గదులు, నాలుగు పేర్లు

మా అపార్టుమెంటులో కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళు దీన్ని నాలెడ్జ్ గ్రాఫ్ అంటారు. కంపెనీలో తలో మూల పడి ఉన్న సమాచారాన్నంతా ఒకదానికొకటి ముడివేస్తే, కంపెనీకి బుద్ధి వస్తుందని వాళ్ళ నమ్మకం. నేను కాదనలేదు. వాళ్ళింకా మీటింగులకి ఎక్కువగా వెళ్ళలేదు. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి రెండే. రెండోది పొరపాటున వచ్చింది.

స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, తొంభైల్లో భీమవరం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో కంప్యూటరు సెక్షన్‌లో చేరాను. సెక్షన్ అంటే నేనే. కంపెనీకి రొయ్యల మేత తయారుచేసే మిల్లు ఉంది, నీళ్ళనీ రొయ్యల్నీ పరీక్షించే ల్యాబు ఉంది, రొయ్యల్ని శుభ్రం చేసి పెట్టెల్లో గడ్డకట్టించి విదేశాలకి పంపే ప్లాంటు ఉంది. చెరువుల మీద తిరిగే ఫీల్డు వాళ్ళు వేరు. అన్నీ ఒకే ప్రహరీగోడ లోపల ఉండేవి. ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు.

ఒకే చెరువుకి మేత మిల్లులో ఖాతా నెంబరు, ల్యాబులో సీసా నెంబరు, ఫీల్డులో చెరువు నెంబరు, ప్లాంటులో లాట్ నెంబరు. ఒక రొయ్య తిని, పెరిగి, పరీక్షకి వెళ్ళి, పెట్టెలోకి చేరేలోపు నాలుగుసార్లు పేరు మార్చుకునేది. దొంగలు కూడా అన్నిసార్లు మార్చుకోరు.

దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేకపోయింది, ఒక కంటైనరు విదేశం నుంచి తిరిగొచ్చేదాకా. రొయ్యల్లో యాంటీబయాటిక్ మందు ఆనవాళ్ళున్నాయన్నారు. చెరువులో రోగం కనిపించగానే దుకాణంవాడు చెప్పిన మందు తెచ్చి మేతలో కలిపేవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉండేవారు. ఎండీ గారు అందర్నీ పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇది ఏ చెరువు సరుకయ్యా?"

న్యాయమైన ప్రశ్న. జవాబుకి తొమ్మిది రోజులు పట్టింది. నాలుగు డిపార్టుమెంట్లూ పుస్తకాలు తిరగేసి నాలుగు చెరువుల పేర్లు చెప్పాయి. ఎండీ గారు వాటిలో తనకి నచ్చని రైతుది ఎంచుకున్నారు.

చుక్కలూ గీతలూ

ఆ తర్వాత కన్సల్టెంటు వచ్చాడు. పేరు శ్రీకర్. మే నెలలో భీమవరంలో టై కట్టుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి, చివరిసారి కూడా. కాన్ఫరెన్సు గదిలో తెల్లబోర్డు మీద చుక్కలు పెట్టి, చుక్కల మధ్య గీతలు గీసి, "సర్, మీ కంపెనీకి చాలా తెలుసు. కానీ తనకేం తెలుసో తనకి తెలీదు" అన్నాడు.

ఎండీ గారు తలాడించారు. నా పక్కన కూర్చున్న ప్లాంటు మేనేజరు మూర్తిగారు నా చెవిలో, "మా ఆవిడ నా గురించి ఇదే మాట రోజూ అంటుందండీ. ఆవిడకి ఎవరూ విమానం టిక్కెట్టు ఇవ్వలేదు" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆలోచన మంచిది. అందమైనది కూడా. లోకంలో ఉన్న ప్రతి సంగతినీ మూడు ముక్కలుగా రాసుకోవచ్చు: ఇది, దాంతో సంబంధం, అది. ఈ లాటు, వచ్చింది, ఈ చెరువు నుంచి. ఈ చెరువు, తిన్నది, ఈ మేత. ఈ చెరువుని, పరీక్షించింది, ఈ మనిషి. ఇలాంటి మూడు ముక్కలు వేలకొద్దీ పోగేస్తే వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని వల అవుతాయి. వలలో ఏ ముడి దగ్గర మొదలుపెట్టినా కావలసిన ముడి దాకా నడుచుకుంటూ పోవచ్చు. నాకు నచ్చింది. నేను, ఇద్దరు ఆపరేటర్లు కలిసి దాదాపు ఏడాదిపాటు నాలుగు గదుల పుస్తకాలూ ఎక్కించాం. ఆ ఏడాది నేను మనస్ఫూర్తిగా పనిచేశాను. ఈ మాట నా సర్వీసు మొత్తానికీ చెప్పలేను.

దాగి ఉన్న సంబంధం

మొదటి ప్రదర్శన రోజున శ్రీకర్ గొప్ప ఉత్సాహంగా ఉన్నాడు. డైరెక్టర్లందరూ వచ్చారు. జీడిపప్పు ఉప్మా వడ్డించారు.

"సర్, మనిషి కంటికి కనపడని సంబంధాల్ని ఇది పట్టుకుంటుంది. ఒక ఉదాహరణ చూపిస్తాను" అని మీట నొక్కాడు.

తెర మీద మూడు చుక్కలు వచ్చాయి. లారీల కాంట్రాక్టరు. క్యాంటీను కాంట్రాక్టరు. మేత సంచులు సరఫరా చేసేవారు. మూడు వేర్వేరు పేర్లు, మూడు వేర్వేరు చిరునామాలు. మూడు చుక్కల నుంచీ మూడు గీతలు బయల్దేరి ఒకే ఒక్క టెలిఫోను నెంబరు దగ్గర కలుసుకున్నాయి.

"చూశారా! ముగ్గురూ ఒకరే! ఇది మీకెవరికీ ఇన్నాళ్ళూ తెలీదు" అన్నాడు శ్రీకర్.

ఆ నెంబరు ఎండీ గారి బావమరిదిది. ఆ సంగతి మా కంపెనీలో తెలియనివాడు శ్రీకర్ ఒక్కడే. గేటు దగ్గర కుక్కకి కూడా తెలుసు. క్యాంటీనులో మిగిలిన నీళ్ళ పప్పు దాని వాటా. బావమరిదిగారు అదే గదిలో మూడో కుర్చీలో కూర్చుని ఉప్మాలోంచి జీడిపప్పు ఏరుకుంటున్నారు.

"బాగుందయ్యా" అన్నారు ఎండీ గారు. "చాలా బాగుంది. ఆ గీత తీసెయ్యి."

శ్రీకర్ తీసేశాడు. పాపం, అతనికి ఎందుకో కూడా అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేను చేసింది ఏమిటంటే, ఆ సాయంత్రం నాకు నేనుగా కూర్చుని ఇంకెక్కడైనా అలాంటి ఫోను నెంబర్లు ఉన్నాయేమో వెతికి, అవి కూడా తీసేశాను. ఎవరూ చెప్పకుండానే. ఆఫీసులో దీన్ని చొరవ అంటారు. నా రెండో ప్రమోషను దాని తర్వాతే వచ్చింది.

సత్తిబాబు అడిగిన గడి

సత్తిబాబు ఫీల్డ్ సూపర్‌వైజరు. పెనుగొండ మనిషి. రోజుకి పది పన్నెండు చెరువులు మోపెడ్ మీద తిరిగి, నీళ్ళు చూసి, రొయ్య చూసి, మందులు వాడుతున్నారా లేదా కనుక్కుని, పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజుకి, ముందు "ఈ చెరువులో మందు వాడలేదు" అని సంతకం పెట్టడం అతని పని. మోకాళ్ళ దాకా బురదతో వచ్చేవాడు కాబట్టి నా ఏసీ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవాడు.

ఒకరోజు మా ఆపరేటరు అచ్చువేసిన కాగితం పట్టుకుని వచ్చాడు.

"సార్, చెరువుకి ఓనరు పేరొక్కటే పెట్టారేంటండీ?"

"ఇంకేం పెట్టాలి?"

"చేసేవాడి పేరండీ. సగం చెరువులు కౌల్లో ఉన్నాయి కదండీ. ఓనరుగారు తణుకులో మేడ మీద పడుకుని ఉంటారు. చెరువులో ఏం మందు పోశారో ఆయనకేం తెలుసండీ?"

"కౌలు కాగితం ఉందా?"

సత్తిబాబు నన్ను జాలిగా చూశాడు. "కౌలుకి కాగితం ఎవరు రాస్తారండీ బాబూ? కాగితం రాస్తే రేపు చెరువు నాదంటాడని ఓనరుగారి భయం. రాయమంటే ఉన్న కౌలు కూడా పోద్దని వీడి భయం. అంతా నోటిమాటేనండి."

ఆ తర్వాత అతను చెప్పింది నాకు కొత్త. మా ప్లాంటు రిజిస్టరైన చెరువుల సరుకే కొనాలి. రిజిస్టరు కావాలంటే భూమి కాగితాలో, రాసిన కౌలో ఉండాలి. కౌలుదారు దగ్గర రెండూ ఉండవు. అందుకని పట్టుబడి రోజున అతని రొయ్య, ఓనరుగారి రిజిస్టరైన చెరువు ఏదో ఒకదాని నెంబరు మీద వస్తుంది. చీటీ రాసేవాడికి తెలుసు, లారీ వాడికి తెలుసు, గేటు వాడికి తెలుసు. ఎవరూ తప్పు చేస్తున్నామనుకోరు. పద్ధతి అంతే.

"చిన్న గడి ఒకటి పెట్టండి సార్. చేసేవాడి పేరు నేనే తెచ్చిస్తాను. రెండు వారాలు తిరిగితే అయిపోద్ది" అన్నాడు.

మంచి సలహా. నా వృత్తిలో నాకు వచ్చిన ఒకే ఒక మంచి సలహా అదేనేమో. ఎండీ గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"కౌలా?" అన్నారు ఎండీ గారు, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు. "మన ఏరియాలో కౌలు ఎక్కడుందయ్యా?"

ఆ మాట అన్న సమయానికి ఆయన సొంత చెరువులు ముగ్గురు కౌలుదార్ల చేతుల్లో ఉన్నాయి. వాళ్ళలో ఒకడు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు, వచ్చే పంటకి కౌలు మాట్లాడుకోవడానికి. తలుపు తీసి వస్తూ అతని కాళ్ళు దాటుకుని వచ్చాను.

గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్న సత్తిబాబుతో, "కాగితం లేనిది కంప్యూటర్లో ఉండదయ్యా" అన్నాను. ఆ వాక్యం నాకు బాగా కుదిరిందనిపించింది. ఆ వారంలో ఇంకో ఇద్దరితో కూడా అన్నాను.

నిమిషంలో జవాబు

మరుసటి ఏడాది ఒక లాటు ఎగుమతికి ముందే మా ల్యాబులోనే పట్టుబడింది. అదే మందు. ఈసారి తొమ్మిది రోజులు పట్టలేదు. ఎండీ గారి గదిలో మీటింగు పెట్టి, శ్రీకర్ని హైదరాబాదు నుంచి పిలిపించి, లాటు నెంబరు కొట్టించారు.

నిమిషంలోపే వచ్చేసింది. లాటు నుంచి గీత పట్టుబడి చీటీకి. చీటీ నుంచి గోపాలరాజుగారి ఏడో నెంబరు చెరువుకి. చెరువు నుంచి రెండు గీతలు: ఒకటి యజమాని గోపాలరాజుగారికి, రెండోది మందు వాడలేదని సంతకం పెట్టిన సత్తిబాబుకి. శ్రీకర్ ఆ దారి మొత్తానికి ఎర్రరంగు వేయించాడు. చూడముచ్చటగా ఉంది.

గోపాలరాజుగారు ఎండీ గారికి దగ్గర చుట్టం, పైగా డైరెక్టరు. అదే గదిలో ఉన్నారు. ఆయన చెరువు తప్పు చేసిందంటే చిక్కు. దాని కింద పెట్టిన సంతకం తప్పు చేసిందంటే సుళువు. సత్తిబాబుని పిలిపించారు. ఈసారి కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు.

"ఏడో నెంబరులో మందు వాడలేదని సంతకం పెట్టావా?"

"పెట్టానండి. వాడలేదండి."

"మరి ఇదేంటి?"

సత్తిబాబు తెర వైపు చూశాడు. "ఆ సరుకు ఏడో నెంబరుది కాదండీ. ఆ పక్కన కౌలు చెరువుదండీ. నన్ను ఆ చెరువు చూడమని ఎవరూ చెప్పలేదండి. అది మన లిస్టులోనే లేదు."

"కౌలు చెరువా? ఏదీ, చూపించు. ఇందులో ఎక్కడుంది?"

సత్తిబాబు తెర మీద నిజంగానే వెతికాడు. పైనుంచి కింద దాకా చూశాడు. లేదు. ఎలా ఉంటుంది?

గోపాలరాజుగారు పైకప్పు చూస్తున్నారు. ఎండీ గారు నా వైపు తిరిగారు.

"ఏమండీ, మీరు చెప్పండి. కంప్యూటరు తప్పు చెప్తుందా?"

సత్తిబాబు కూడా నా వైపు చూశాడు. భయంగా కాదు. నిశ్చింతగా. ఇంక మీరున్నారుగా అన్నట్టు.

"కంప్యూటరు తన దగ్గరున్నదే చెప్తుందండి" అన్నాను.

ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు. ఇప్పటికీ ఎవరైనా పరీక్షించుకోవచ్చు. సత్తిబాబుని ఆ మధ్యాహ్నమే సస్పెండు చేశారు. నెలాఖరుకి విచారణ, ఆ తర్వాత తీసివేత అనుకున్నారు. విచారణలో ఏం తేలుతుందో టైపిస్టుకి ముందే చెప్పారు.

బయటివాళ్ళకి ఇది ఒక చిన్న ఉద్యోగం పోవడంలా అనిపించొచ్చు. తప్పుడు సంతకం పెట్టాడన్న పేరు ఒక్కసారి వచ్చిందంటే భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ కంపెనీ అతన్ని చెరువు గట్టు ఎక్కనివ్వదు. అతనికి వచ్చిన పని అదొక్కటే. ఇంట్లో భార్య, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, మంచంలో ఉన్న తండ్రి.

డ్రైవరు రాసుకున్న దారి

దాన్ని సరిచేద్దామని నేను కంకణం కట్టుకున్నానని రాస్తే బాగుంటుంది. నేను ఐసు ప్లాంటులో ప్రింటరు బాగుచేయడానికి వెళ్ళాను. వెళ్ళేసరికి అక్కడ అప్పారావు గొడవ పడుతున్నాడు. అప్పారావు ఐసు లారీ డ్రైవరు. పట్టుబడి జరిగే గట్టు దగ్గరికి ఐసు తీసుకెళ్ళి పోయాలి. ఆలస్యమైతే రొయ్య పాడవుతుంది. డీజిలు ఎక్కువ కాలుస్తున్నాడని సూపర్‌వైజరు అంటున్నాడు.

"ఎక్కువేంటండీ? వెళ్ళిన ప్రతి గట్టూ రాసుకున్నాను. చూడండి మీరే" అని ఒక నూనె మరకల నోటుపుస్తకం నా ముఖం మీద పెట్టాడు.

చూశాను. అందులో చెరువు నెంబర్లు లేవు. "వెంకన్న గట్టు. పాత పంపు షెడ్డు దాటాక ఎడం పక్క. మెత్తగా ఉంది, లారీ దింపొద్దు." ప్రతి పేజీ అలాగే ఉంది. లారీ బురదలో దిగబడకుండా ఉండటానికి రాసుకున్న పుస్తకం. మా కంపెనీ మొత్తంలో ఎవరినీ మెప్పించడానికి కాకుండా రాసిన పుస్తకం అదొక్కటే. అందుకే అందులో నిజం ఉంది.

పట్టుబడిన లాటు తేదీ తీశాను. ఆ రోజు చీటీ ప్రకారం రొయ్య గోపాలరాజుగారి ఏడో నెంబరులో పట్టారు. ఐసు మాత్రం వెంకన్న గట్టుకి, అంటే సత్తిబాబు చెప్పిన ఆ పక్క కౌలు చెరువుకి, వెళ్ళింది. అనుమానంతో మేత పుస్తకం చూశాను. ఏడో నెంబరుకి అంతకు నెలన్నర ముందే మేత ఆగిపోయింది. ఆ చెరువు ముందే పట్టేసి, నీళ్ళు తోడేసి, ఎండబెట్టారు.

అంటే అడగాలేగాని, మేం ఏడాదిపాటు కూర్చుని అల్లిన వలలోనే జవాబు ఉంది. మేత తినని చెరువు రొయ్యల్ని ఎలా ఇచ్చిందని ఎవరూ అడగలేదు. నేను కూడా. మేమందరం ఎర్రగీత అందంగా ఉందని చూస్తున్నాం.

తర్వాత రెండు మూడు వారాలు ఆ సీజను ఐసు పుస్తకాలు మొత్తం తెప్పించుకుని, చీటీలతో జోడించాను. ఐసు ఒక గట్టుకి, చీటీ ఇంకో చెరువుకి వెళ్ళిన రోజులు పేజీల కొద్దీ తేలాయి. విచారణకి రెండు రోజుల ముందు అప్పారావు పుస్తకం పట్టుకుని ఒక్కణ్ణే ఎండీ గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను.

"గోపాలరాజు ఏడో నెంబరు ఎండిపోయి ఉందా?" అన్నారు.

"పగుళ్ళిచ్చి ఉందండి ఆ వేళకి. దాంట్లోంచి రెండు టన్నుల రొయ్య పట్టామని మన చీటీ చెప్తోంది."

ఆయన నవ్వలేదు. పేజీలు తిప్పారు. నాలుగో పేజీలో తన సొంత చెరువులు వచ్చాయి. అక్కడితో పుస్తకం మూసేశారు.

"ఇది ఎవరు రాయమన్నారు?"

"డీజిలు లెక్క కోసం డ్రైవరు రాసుకున్నాడండి."

"ఇకనుంచి చెరువు నెంబరు ఒక్కటే రాయమనండి. దారి రాయక్కర్లేదు."

"దారి రాయకపోతే ఎలా వెళ్తాడండీ?"

"అప్పారావుకి తెలుసుగా" అన్నారు.

సత్తిబాబుని మళ్ళీ తీసుకోమన్నారు, ఒక హెచ్చరిక ఉత్తరంతో. హెచ్చరిక దేనికండీ అన్నాను. "ఏదో ఒకటి ఉండాలి కదయ్యా. ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టాం" అన్నారు. ఉత్తరం నేనే రాశాను. భవిష్యత్తులో ఇలాంటివి జరగకుండా జాగ్రత్త వహించవలెను అని. ఎలాంటివో రాయలేదు.

వెంకన్న ఎవరో నేను ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత అతని రొయ్యని ఎవరి నెంబరు మీదా ఎవరూ రానివ్వలేదట. ఆ పంటతో చెరువు వదిలేశాడని సత్తిబాబే తర్వాతెప్పుడో చెప్పాడు. అతనికి ఆ మందు అమ్మిన దుకాణం ఏదో ఎవరూ కనుక్కోలేదు. మా వలలో అతను లేడు కాబట్టి, పోయినట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు. శ్రీకర్ మాత్రం తన కంపెనీ రంగుల కాగితంలో "మూలం ఒక్క నిమిషంలో!" అని మా ఎర్రగీత బొమ్మ వేసుకున్నాడు. ఒక కాపీ నాకు పోస్టులో పంపాడు. అందులో సత్తిబాబు పేరు ఉన్న చుక్క మీద కంపెనీ ముద్ర వచ్చింది.

మా అపార్టుమెంటు పిల్లలకి నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. తెర మీద ఉన్న గీతలు అందరూ చూస్తారు. మీకు జీతం ఇచ్చేది లేని గీతల కోసం అనుకోండి. ఎక్కడైనా గీత లేకపోతే సమాచారం లేదని రాసుకోవద్దు. ముందు గీయొద్దన్నది ఎవరో కనుక్కోండి. చాలాసార్లు అది వెతకడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. రెండు గదుల అవతలే ఉంటారు. ఇంకొకటి: ఫీల్డు నుంచి ఎవరైనా బురద కాళ్ళతో వచ్చి గడి అడిగితే, ముందు గడి పెట్టండి, తర్వాత వాక్యం ఆలోచించుకోండి.

పెనుగొండలో

సత్తిబాబుకి ఆ ఉత్తరం పోస్టులో పంపొచ్చు. నేనే తీసుకెళ్ళాను. శుభవార్త చెప్పేవాడి ముఖం ఎలా ఉంటుందో అలా పెట్టుకుని వెళ్ళాను. దారిలో రెండు డజన్ల అరటిపళ్ళు కూడా కొన్నాను.

సత్తిబాబు ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. లోపల మంచం మీద తండ్రి దగ్గుతున్నాడు. వరండా చివర అతని భార్య నాగమణి కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతోంది. పక్కన కత్తిరించిన గుడ్డలు కుప్పగా ఉన్నాయి. ఈ మూడు వారాల్లో కుట్టు ఎక్కువ పెట్టుకున్నట్టుంది.

"ఎందుకండీ ఇంత దూరం మీరే రావడం?" అన్నాడు సత్తిబాబు. ఉత్తరం చదివాడు. హెచ్చరిక ఉన్న వాక్యం రెండోసారి చదివాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "సోమవారం వచ్చేస్తానండి" అన్నాడు.

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఐసు ప్లాంటు ప్రింటరు దగ్గర మొదలుపెట్టి, అప్పారావు పుస్తకం, మేత ఆగిపోయిన తేదీ, చీటీలకీ ఐసుకీ పొంతన కుదరని రోజులు ఒక్కొక్కటీ ఎలా పట్టుకున్నానో అంతా చెప్పాను. చెప్తున్నకొద్దీ నాకే ముచ్చటేసింది. "ఆయ్, చాలా కష్టపడ్డారండి" అంటూ సత్తిబాబు మధ్య మధ్యలో తలాడిస్తున్నాడు. నిజంగానే అన్నాడు. అతనిలో వెటకారం లేదు.

మిషను ఆగింది.

"ఒక్కమాట అడగనాండీ?" అంది నాగమణి.

"అడగమ్మా."

"ఆ పక్క చెరువులు కౌల్లో ఉన్నాయనీ, సరుకు ఓనర్ల నెంబరు మీద వస్తదనీ ఈయన మీకు ఏడాది ముందే చెప్పారంటండీ. నిజమేనా?"

"నిజమేనమ్మా. చెప్పాడు."

"ఊరుకోవే" అన్నాడు సత్తిబాబు. "సార్ మన కోసం ఇంత దూరం వస్తే."

ఆమె ఊరుకోలేదు. దారం పళ్ళతో కొరికి తెంపి, జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

"అయితే వెతకడానికేముందండీ అందులో? మీకు తెలిసిందే కదా. ఆ రోజు మీటింగులో నోరు విప్పితే సరిపోయేది."